పత్తి ధర ఎవరి చేతిలో ఉంది?

2025 ఆగస్టు 19న ఢిల్లీలో ఒక ఉత్తర్వు అమలులోకి వచ్చింది. విదేశాల నుంచి వచ్చే పత్తి మీద ఉన్న 11 శాతం దిగుమతి సుంకాన్ని సెప్టెంబరు 30 దాకా ఎత్తివేస్తున్నట్లు కేంద్రం చెప్పింది. పది రోజులు తిరగకముందే ఆ గడువును డిసెంబరు 31 దాకా పొడిగించింది. అప్పటికి మన చేలల్లో పత్తి ఇంకా పూత, కాయ మీద ఉంది. దసరా దాటాక తీతలు ఊపందుకుంటాయి. సంక్రాంతి లోపల చిన్న రైతు ఇంట్లో ఉన్నదంతా బండి ఎక్కేస్తుంది. అంటే మన సరుకు యార్డుకు వచ్చే నెలల్లోనే బయటి సరుకుకు తలుపులు బార్లా తెరిచారన్నమాట.

ఎక్కడో ఓడరేవులో దిగే పత్తితో నర్సంపేట రైతుకు పనేమిటి అని మీరడగవచ్చు. పని ఉంది. మీరు అమ్మేది గింజ పత్తి. బట్టల మిల్లు కొనేది దూది. క్వింటాలు పత్తిని జిన్నింగు చేస్తే 33 నుంచి 35 కిలోల దూది వస్తుంది, మిగిలినదాంట్లో ఎక్కువ భాగం గింజ. 170 కిలోల బేలు ఒకటి కట్టాలంటే సుమారు 5 క్వింటాళ్ల పత్తి కావాలి. జిన్నింగు మిల్లు యజమాని ముందు బేలు ధర చూస్తాడు, గింజ ధర చూస్తాడు, తన ఖర్చు, లాభం తీసేసుకుంటాడు, మిగిలింది యార్డులో మీకు పాడతాడు. నూలు మిల్లుకు విదేశీ బేలు చవకగా దొరికితే ఆ తగ్గుదల మెట్టు మెట్టుగా దిగి వస్తుంది. మిల్లు నుంచి జిన్నింగుకు, అక్కడి నుంచి యార్డుకు, యార్డు నుంచి ఊళ్లో కాంటా పెట్టే దళారికి. చిట్టచివరి మెట్టు మీద నిలబడింది మీరే. మీ కింద తోసేయడానికి ఇంకెవరూ లేరు.

మిల్లుల వాళ్ల మాట కూడా వినాలి. అదే ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచింది. మన బట్టలకు అది పెద్ద మార్కెట్టు. దూది చవగ్గా దొరక్కపోతే నిలబడలేమని మిల్లులు మొరపెట్టుకున్నాయి. అదీ కొట్టిపారేసే మాట కాదు. మిల్లులు మూతపడితే మన పత్తి కొనేదెవరు? అయితే ఆ బరువును ఎవరి నెత్తిన పెట్టాలన్న దగ్గరే సర్కారు నిర్ణయం ఉంటుంది. ఈసారి రైతు నెత్తిన పెట్టారు.

ఇక రెండో చెయ్యి చూడండి. అదే కేంద్రం 2025-26 సీజనుకు పొడుగు పింజ పత్తికి క్వింటాలుకు 8,110 రూపాయలు, మధ్యరకం పింజకు 7,710 రూపాయలు మద్దతు ధర ప్రకటించింది. ఒక చేత్తో ధర దిగే దారి వేసి, ఇంకో చేత్తో ధరకు ఆసరా కర్ర పెట్టింది. ఇక్కడ చాలామంది పొరబడుతున్న సంగతి ఒకటుంది. మద్దతు ధర చట్టం కాదు. యార్డులో వ్యాపారి అంతకు తక్కువకు పాడితే శిక్ష లేదు. సర్కారు తరఫున భారత పత్తి సంస్థ (సీసీఐ) ఆ ధరకు కొంటుందన్న హామీ మాత్రమే అది. కొనుగోలు కేంద్రం తెరిచి, మీ పత్తిని ఒప్పుకుంటేనే 8,110. లేకపోతే అది గోడ మీద అంటించిన కాగితమే.

మార్కెట్టును దాని మానాన వదిలేస్తే అన్నీ సర్దుకుంటాయని చెప్పే పెద్దలున్నారు. వాళ్ల మాటలో కొంత నిజం లేకపోలేదు. 2021-22లో ప్రపంచమంతా పత్తి కొరత వచ్చింది. పొడుగు పింజకు మద్దతు ధర 6,025 రూపాయలే ఉన్నా, 2022 మొదటి నెలల్లో మన యార్డుల్లో క్వింటాలు 10 వేలు దాటింది. సీసీఐ అవసరమే రాలేదు. ధర ఎక్కించింది మార్కెట్టే, సర్కారు కాదు. ఆ ఏడు మా ఇంట్లో పండింది 14 క్వింటాళ్లు. మందుల దుకాణంలో బాకీ ఉంది, వడ్డీ పెరుగుతోందని డిసెంబరులోనే ఇంటి దగ్గర అమ్మేశాను. ఆగి ఉంటే క్వింటాలుకు దాదాపు రెండు వేలు ఎక్కువ వచ్చేది. ధరల వార్తలు రాసేవాణ్ని నేనే, తొందరపడి అమ్మినవాణ్నీ నేనే. మా ఆవిడ ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది. తీరా ధర పైకెక్కి ఊరిస్తున్న సమయంలో, 2022 ఏప్రిల్ 14 నుంచి కేంద్రం అప్పుడు కూడా దిగుమతి సుంకం ఎత్తేసింది. ధర పడినప్పుడు మార్కెట్టు ఇష్టమనీ, లేచినప్పుడు సర్కారు కలగజేసుకోవాలనీ అంటే దాన్ని స్వేచ్ఛా మార్కెట్టు అనవచ్చునా?

పోనీ, ఈ మాట ప్రపంచానికి చెప్పే అమెరికా ఏం చేసింది? అక్కడి పత్తి రైతుకు సర్కారు ఏళ్ల తరబడి డబ్బు సాయం చేసింది. ఆ సాయంతో వాళ్ల పత్తి చవకై, ప్రపంచ ధర పడిపోతోందని బ్రెజిల్ 2002లో ప్రపంచ వాణిజ్య సంస్థ దగ్గర ఫిర్యాదు చేసి గెలిచింది. వ్యాజ్యం సాగి సాగి, 2014లో అమెరికా 30 కోట్ల డాలర్లు బ్రెజిల్‌కిచ్చి రాజీ చేసుకుంది. మన రెండెకరాల రైతు పోటీ పడేది అక్కడి రైతుతో ఒక్కడితోనే కాదు, వాళ్ల ఖజానాతో కూడా.

సర్కారు కలగజేసుకుంటే మేలు జరిగిన సందర్భమూ చెప్పాలి. 2006కు ముందు బీటీ పత్తి విత్తనం 450 గ్రాముల పాకెట్టు 1,600 రూపాయలు దాటి అమ్మేవారు. అందులో ఎక్కువ భాగం రాయల్టీయే. అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుత్తాధిపత్యాల కమిషన్‌కు ఎక్కి, 2006లో పాకెట్టు 750 రూపాయలకు దింపించింది. ఇలా దింపితే కంపెనీలు పారిపోతాయన్నారు. విత్తనం దొరకకుండా ఏమీ పోలేదు. వేలంలో పదిమంది కొనేవాళ్లుంటే సర్కారు పక్కన నిలబడి కాంటా సరిగా ఉందో లేదో చూస్తే చాలు. అమ్మేవాడు ఒక్కడే అయినప్పుడు పక్కన నిలబడితే చాలదు.

2020లో వచ్చిన మూడు సాగు చట్టాల గొడవ కూడా ఇదే. పాన్ కార్డు ఉన్నవాళ్లెవరైనా యార్డు బయట, మార్కెట్ ఫీజు లేకుండా కొనవచ్చునన్నారు. కొనేవాళ్లు పెరుగుతారని ఒకరు, యార్డు ఎండిపోతుందని ఒకరు. 2021 నవంబరులో వాటిని రద్దు చేశారు. బిహార్ 2006లోనే మార్కెట్ కమిటీల చట్టం తీసేసింది, అక్కడి వడ్ల రైతు మద్దతు ధర కంటే బాగా తక్కువకు అమ్ముకుంటున్నాడన్న ఫిర్యాదు ఆగలేదు. మన యార్డుల్లో అంతా సవ్యంగా ఉందని నేననను. తరుగు పేరిట కోత, ఖరీదుదార్లు కూడబలుక్కుని పాడటం మీకు తెలియనివి కావు. అయినా అక్కడ తక్‌పట్టీ చేతికొస్తుంది, తగువొస్తే వెళ్లడానికి ఒక ఆఫీసుంటుంది. ఇంటి దగ్గర కాంటాకు అవేవీ ఉండవు.

ఇక మీ చేతిలో ఉన్నదాని సంగతి. సీసీఐ 8 శాతం తేమకే పూర్తి ధర ఇస్తుంది. ఆపైన ఒక్కో శాతానికి ఒక్కో శాతం కోస్తుంది. 12 దాటితే బండి వెనక్కే. 12 శాతం తేమతో 8,110 రకం పత్తి తీసుకెళితే క్వింటాలుకు 324 రూపాయలు పోయినట్లే. మంచు ఆరాక తీయండి, రెండెండలు చూపించండి, తొలి తీత పత్తిని చివరి గుడ్డి పత్తితో కలపకండి. 2025 సీజను నుంచి సీసీఐకి అమ్మాలంటే ఫోనులో కపాస్ కిసాన్ యాప్ ద్వారా పేరు నమోదు చేసుకుని రోజు ఖాయం చేసుకోవలసి వచ్చింది. చేతకాకపోతే ఇంట్లో చదువుకున్న పిల్లల్ని కూర్చోబెట్టండి, దళారి ఫోను నుంచి మాత్రం చేయించుకోకండి. మీ పేరున అతని సరుకు వెళ్లే ప్రమాదం ఉంది.

కౌలు రైతుకే అసలు చిక్కు. పాసుపుస్తకం ఆసామి పేరున ఉంటుంది, పత్తి ఇతనిది. ఆసామి పేరున అమ్మితే డబ్బు ఆసామి ఖాతాలో పడుతుంది. ఆ గొడవెందుకులే అని చాలామంది ప్రైవేటు వ్యాపారికే తక్కువకు ఇచ్చేస్తున్నారు. ఉగాదికి కౌలు మాట్లాడుకునేటప్పుడే పదిమందిలో ఈ మాట తేల్చుకోండి. పంట నమోదుకు ఏఈఓ ఊళ్లోకి వచ్చిన రోజు పనికి పోకుండా ఆగి, సాగు చేస్తున్నది మీరేనని చెప్పి పేరు రాయించుకోండి. రాయనంటే కాగితం మీద అర్జీ ఇచ్చి, అందినట్లు సంతకం తీసుకోండి.