మీకు తెలుసా? ప్రాసెసర్లు పదహారు... వేగం ఆరింతలే!

ఒక ప్రాసెసర్‌తో గంట పట్టే పని, 16 ప్రాసెసర్ల యూనిక్స్ కంప్యూటర్ మీద నాలుగు నిమిషాల్లో అయిపోతుందనుకుంటాం. తొమ్మిది నిమిషాలు దాటినా ఆశ్చర్యం లేదు! ఎందుకో ఒక గుడి ఉదాహరణతో చూద్దాం.

ఆలంపూర్‌లో కూడవెల్లి సంగమేశ్వరాలయం చూసే ఉంటారు. కృష్ణా తుంగభద్రల సంగమం దగ్గరుండేది. శ్రీశైలం జలాశయంలో మునిగిపోతుందని, రాళ్లు విప్పి తెచ్చి ఆలంపూర్‌లో మళ్లీ నిలబెట్టారు. ఇలాంటి పనిలో రాళ్లు మోయడానికి ఎంతమందినైనా పెట్టొచ్చు. కానీ పునాది కుదిరాకే గోడ, గోడ లేచాకే శిఖరం. అక్కడ వందమంది ఉన్నా వంతు కోసం ఆగాల్సిందే.

ప్రోగ్రాముల్లోనూ అలా ఆగక తప్పని భాగం ఉంటుందని జీన్ ఆమ్‌డాల్ 1967లోనే చెప్పాడు. అది పనిలో 10 శాతమే అనుకుందాం. 4 ప్రాసెసర్లతో వేగం 3 రెట్లు, 16తో 6.4 రెట్లు. వెయ్యి పెట్టినా 10 రెట్లు దాటదు. అమ్మేవాళ్ల బ్రోషర్‌లో ఈ లెక్క కనపడదు లెండి.

ఇలా ఆగాల్సి రావడం మీ ప్రోగ్రాములోనే కాదు, దాన్ని నడిపే యూనిక్స్‌లోనూ ఉండొచ్చు. 1980ల మొదట్లో అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయం వాళ్లు రెండు వాక్స్ ప్రాసెసర్లు కలిపి ఒకే యూనిక్స్ నడిపారు. యూనిక్స్‌కు గుండెలాంటి కెర్నల్ పనంతా మొదటిదే చూసేది. రెండోదానికి ఫైలు చదవాల్సి వచ్చినా మొదటిదానికే అప్పగించాలి. కాబట్టి కొనేముందు ఇది అడగండి: కెర్నల్‌ను ఎన్ని ప్రాసెసర్లు ఒకేసారి నడపగలవు?

పనినిబట్టి కూడా ఫలితం మారుతుంది. హైదరాబాద్‌లోని డీఆర్‌డీవో ప్రయోగశాల అనురాగ్, విమానాల చుట్టూ గాలి ఎలా పారుతుందో లెక్కకట్టడానికి 'పేస్' అనే సమాంతర కంప్యూటర్ తయారుచేసింది. అలాంటి లెక్కల్లో గాలిని గళ్లుగా కోసి ప్రాసెసర్లకు తలా కొన్ని పంచితే చాలు, హద్దుల దగ్గర మాత్రమే అవి మాట్లాడుకోవాలి. బ్యాంకు పని వేరు. ఒకే ఖాతాను ఇద్దరు ఒక్కసారే దిద్దకూడదు, ఒకరు ముగించేదాకా రెండోవారికి తాళమే. అయితే వేర్వేరు ఖాతాల మీద నలభై టెర్మినళ్లు నడిచే ఆఫీసులో ప్రాసెసర్లు ఎక్కువుంటే లాభమే. ఒక్కో పని త్వరగా తెమలకపోయినా గంటకు ఎక్కువ పనులవుతాయి.

కంప్యూటర్ల వేగాన్ని ఒకే పద్ధతిలో కొలవడానికి 1988లో స్పెక్, టీపీసీ అనే సంస్థలు పుట్టాయి. వాటి అంకెలు చూడండి, అక్కడే ఆగిపోకండి. మీ ప్రోగ్రాము, మీ డేటా తీసుకెళ్లి 1, 2, 4 ప్రాసెసర్లతో వేరువేరుగా నడిపించమనండి. రెండు నుంచి నాలుగుకు వెళ్లినా సమయం తగ్గకుండా, డిస్కు దీపం మాత్రం ఆగకుండా మెరుస్తుంటే అదనపు ప్రాసెసర్లకు పెట్టే డబ్బు డిస్కుల మీద, మెమరీ మీద పెట్టండి.