కొత్త యాంప్ కొనే ముందు ఈ మూడూ చూసుకోండి

మాది బాపట్ల. మా నాన్నకి ఘంటసాల పాటలంటే ప్రాణం. ఈమధ్య "మాటలు సరిగ్గా వినపడట్లేదురా, నా చెవులే పోయాయేమో" అన్నారు. కొత్త యాంప్ కోసం డబ్బులు దాస్తున్నా. కానీ ముందు ఉన్న సెట్టే సరిచేద్దాం అనుకున్నా. ఖర్చు లేనివి ముందు, ఖర్చువి చివర.

మొదటిది, చోటు. స్పీకర్లు గది మూలల్లో ఉన్నాయి. మూలలో పెడితే బేస్ పెరిగిపోయి గొంతుని మింగేస్తుంది. గోడ నుంచి రెండడుగులు ముందుకి జరిపి, ట్వీటర్ చెవి ఎత్తుకి వచ్చేలా స్టూళ్ల మీద పెట్టా.

రెండోది, గది. టైల్స్ నేల, ఖాళీ గోడలు శబ్దాన్ని తిప్పికొడతాయి. స్పీకర్ల ముందు బొంత పరిచా, కిటికీకి మందపాటి కర్టెన్ వేశా.

మూడోది, వైర్లు. సూర్యలంక సముద్రం దగ్గరే కదా, ఉప్పుగాలికి రాగి కొసలు నల్లబడ్డాయి. కరెంటు ఆపి, కొసలు కత్తిరించి, మెరిసే రాగి కనపడేలా ఒలిచి బిగించా. ఒక స్పీకర్‌కి ప్లస్, మైనస్ తారుమారై ఉన్నాయి. అలా ఉంటే గొంతు మధ్యలో నిలవదు. అదీ సరిచేశా.

అదే పాట మళ్ళీ పెట్టా. నాన్న కళ్ళు మూసుకుని విని, "చెవులు బాగానే ఉన్నాయిరా" అన్నారు.

యాంప్ డబ్బులు ఇంకా అలాగే ఉన్నాయి. మీరూ ఒక్కోటే మార్చి, ప్రతిసారీ అదే పాట వినండి. ఏది పనిచేసిందో మీ చెవులే చెప్తాయి.