నీళ్లను వెతుక్కునే అల

తడలో హైవే మీద బస్సు ఆగిందంటే బేకరీ కౌంటరు ముందు జనం ఒక్కసారిగా మూగుతారు. అందరికీ పఫ్ వేడిగానే కావాలి, అదీ డ్రైవరు హారన్ కొట్టేలోపల. మన జిల్లా 2022లో తిరుపతికి మారినా, తడ అంటే నా మనసులో ఇప్పటికీ నెల్లూరు తీరమే. ఒక పక్క ఆరంబాకంతో మొదలయ్యే తమిళనాడు, ఇంకో పక్క శ్రీసిటీ ఫ్యాక్టరీల క్యాంటీన్లు, సెలవొస్తే ఉబ్బలమడుగు జలపాతానికి పోయే కుర్రకారు. వీళ్లందరి ఆకలి తీర్చే వంటిళ్లలో చాలాచోట్ల ఒక మైక్రోవేవ్ ఓవెన్ పొద్దుటి నుంచి రాత్రి దాకా తెరిపి లేకుండా పనిచేస్తుంటుంది. దాని ముందు నిలబడేది ఎక్కువగా పద్దెనిమిది, ఇరవై ఏళ్ల పిల్లలు. “ఇది నొక్కు, గంట మోగితే తియ్యి” అని తప్ప వాళ్లకు ఇంకేమీ చెప్పేవాళ్లు ఉండరు. నాకది బాధగా ఉంటుంది. అందుకే ఈ కబుర్లు ఆ పిల్లల కోసం. వాళ్లలో ఒకణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకున్నాననుకుని చెబుతాను.

అబ్బయ్యా, “లోపల మంట లేదు, తీగ ఎర్రగా కాలడం లేదు, మరి పఫ్ ఎట్టా వేడెక్కింది తాతా?” అని ఎప్పుడైనా నీకు అడగాలనిపించిందా? నీకు తెలిసిన చోటు నుంచే మొదలుపెడతాను. పులికాట్ సరస్సుకు అవతల శ్రీహరికోట ఉంది కదా. అక్కడి నుంచి మొదటి రాకెట్, ఒక రోహిణి, 1971 అక్టోబరు 9న ఎగిరింది. ఆ దీవిలో రాకెట్లే కాదు, డాప్లర్ వాతావరణ రాడార్ కూడా ఉంది. బంగాళాఖాతంలో తుఫాను లేస్తే వాన ఎక్కడుంది, ఎటు కదులుతోంది అని అది కనిపెడుతుంది. పది సెంటీమీటర్లకు అటూ ఇటూ పొడవున్న రేడియో అలల్ని మేఘాల్లోకి పంపుతుంది, చినుకుల మీద పడి తిరిగొచ్చిన కాస్తంత అలను పట్టుకుంటుంది. నీ ఓవెన్‌లో పుట్టే అల పొడవు 12 సెంటీమీటర్ల పైచిలుకు. రెండూ ఒక్క జాతివే. అది నీళ్ల జాడ చెబుతుంది, ఇది నీళ్లను కాగబెడుతుంది.

అసలు ఈ పెట్టె పుట్టిందే రాడార్ వల్ల. 1940లో ఇంగ్లాండులోని బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో రాండల్, బూట్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు బలమైన మైక్రోవేవ్‌లను పుట్టించే మాగ్నెట్రాన్‌ను తయారుచేశారు. యుద్ధంలో శత్రు విమానాలను, జలాంతర్గాములను వెతకడానికి అది పనికొచ్చింది. అమెరికాలో రేథియాన్ కంపెనీ వాటిని వేలకొద్దీ చేసేది. అక్కడి ఇంజనీరు పెర్సీ స్పెన్సర్ 1945లో పనిచేస్తున్న మాగ్నెట్రాన్ దగ్గర నిలబడి ఉంటే, జేబులోని మిఠాయి బిళ్ల కరిగిపోయిందట. ఆయన ఊరుకోలేదు. మొక్కజొన్న గింజలు పెట్టి చూశాడు, పేలాలయ్యాయి. గుడ్డు పెట్టి చూశాడు, అది పేలింది. ఆ ఏడాది అక్టోబరులోనే పేటెంటుకు దరఖాస్తు చేశాడు. 1947లో వచ్చిన మొదటి ఓవెన్ మనిషంత ఎత్తు, 340 కిలోల బరువు. దాన్ని చల్లబరచడానికి నీళ్ల గొట్టం పెట్టాల్సొచ్చేది. ఇందులో నాకు నచ్చే సంగతి, అది ఇళ్ల కోసం కాదు, హోటళ్ల కోసం, ఓడల వంటగదుల కోసం వచ్చింది. వంటింటి గట్టు మీద పట్టే చిన్న ఓవెన్ జనం ఇళ్లలోకి రావడానికి 1967 దాకా ఆగాల్సొచ్చింది. అంటే నీ కౌంటరు వెనక ఉన్నదే వీటిలో పెద్దది, ఇంట్లోది దాని తర్వాత పుట్టింది.

ఇక అసలు కిటుకు. నీటి అణువుకు ఒక కొసన ధన విద్యుత్తు, ఇంకో కొసన రుణ విద్యుత్తు కొద్దికొద్దిగా ఉంటాయి. ఓవెన్‌లోని అల సెకనుకు 245 కోట్ల సార్లు ఊగుతుంది. ఆ ఊపు వెంట తిరగాలని నీటి అణువులు ఆరాటపడతాయి, పక్కవాటిని తోసుకుంటాయి, ఆ తోపులాటే వేడి. నూనె, కొవ్వు కూడా కొంత వేడెక్కుతాయి గానీ ముఖ్యంగా అలను మింగేది నీరే. పింగాణీ, గాజు మింగవు. లోహం మింగదు సరికదా, వెనక్కి కొడుతుంది. ఇంతే సైన్సు. “అలకు నీళ్లు దొరికాయా, దొరక్కపోతే అది ఎక్కడికి పోతుంది?” ఓవెన్ ముందు నిలబడ్డప్పుడు ఈ ఒక్క ప్రశ్న వేసుకున్నావంటే జాగ్రత్తలన్నీ నీకే తడతాయి.

ఖాళీ ఓవెన్ తిప్పితే ఏమవుతుంది? మింగేవాళ్లు లేక అల గోడలకు కొట్టుకుని మాగ్నెట్రాన్‌కే తిరిగి వెళుతుంది, అది కాలి చెడిపోతుంది. రద్దీలో ఎవరో పొరపాటున బొత్తాం నొక్కుతారు. అందుకే ఖాళీగా ఉన్నప్పుడు లోపల ఒక కప్పు నీళ్లు పెట్టి ఉంచడం మంచి అలవాటు.

ఐస్ గడ్డలో అణువులు బిగుసుకుపోయి ఉంటాయి, అల వాటిని పెద్దగా కదిలించలేదు. ఫ్రీజర్‌లోంచి తీసిన రొయ్యల ముద్దను ఫుల్ పవర్‌లో పెట్టి చూడు. పైన కాస్త కరిగిన నీరు అలనంతా మింగేస్తుంది. అంచులు ఉడికి రబ్బరులా అవుతాయి, నడుమ గడ్డ గడ్డలాగే ఉంటుంది. డీఫ్రాస్ట్‌లో పెడితే ఓవెన్ కాసేపు పనిచేసి కాసేపు ఆగుతుంది. ఆగిన సేపట్లో వేడి నెమ్మదిగా లోపలికి పాకుతుంది.

వేడి లోపల్నుంచి పుట్టి బయటికి వస్తుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. అల కూరలోకో అన్నంలోకో రెండు మూడు సెంటీమీటర్ల లోతు దాకా దిగుతుంది, ఆ పైన వేడి తనంతట తాను పాకాల్సిందే. పైగా గోడల మధ్య అలలు ఒకదాని మీద ఒకటి పడి, దాదాపు ఆరేసి సెంటీమీటర్లకొక చోట వేడి ఎక్కువగా, మధ్యలో తక్కువగా పుడుతుంది. అందుకే ఇంటి ఓవెన్‌లో పళ్లెం తిరుగుతుంది. హోటలు ఓవెన్లలో చాలావాటికి పళ్లెం ఉండదు, అలల్నే చెదరగొట్టే రెక్క లోపల దాగి ఉంటుంది. అయినా బిర్యానీ ముద్దను అలాగే పెట్టి తీస్తే నడుమ చల్లగానే మిగలొచ్చు. పళ్లెంలో పలచగా పరిచి, సగంలో ఒకసారి కలిపి, తీశాక ఒక నిమిషం ఆగి ఇవ్వు. ముద్ద నడిమధ్యన కూడా 70 డిగ్రీలు దాటాలి. వంట థర్మామీటరు ఖరీదు పెద్దగా ఉండదు, యజమానిని అడిగి ఒకటి కొనిపించుకో.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. రాత్రంతా బయట పడి ఉన్న అన్నాన్ని ఓవెన్ బాగుచేయలేదు. అన్నంలో బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి ఉంటుంది. ఉడికినా దాని బీజాలు చావవు. ఈ ఉక్కపోత తీరంలో గంటల తరబడి గిన్నెలో వదిలేస్తే అవి మొలకెత్తి విషం వదులుతాయి. వాంతులు తెప్పించే ఆ విషం ఎంత కాచినా విరగదు. పొగలు కక్కుతున్న బిర్యానీ తిన్న ప్రయాణికుడు నాయుడుపేట చేరేసరికే కక్కుకోవచ్చు. 5 డిగ్రీలకూ 60 డిగ్రీలకూ మధ్య ఆహారాన్ని ఎక్కువసేపు ఉంచొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది ఇందుకే. మిగిలింది వెంటనే ఫ్రిజ్‌లో పెట్టాలి, పెట్టకపోతే పారేయాలి. ఓవెన్ శుభ్రం గురించి ఎంత చెప్పినా ఈ మాట తర్వాతే.

నీళ్లు ఎక్కువ విధేయంగా ఉన్నప్పుడూ ప్రమాదమే. నున్నటి కొత్త కప్పులో ఉత్త నీళ్లు పెట్టి తిప్పితే, బుడగ పుట్టడానికి గరుకు చోటు దొరక్క నీరు 100 డిగ్రీలు దాటినా కదలకుండా ఉంటుంది. కాఫీ పొడి వేయగానే, చెంచా ముంచగానే ఒక్కసారిగా ముఖం మీదికి ఎగదన్నుతుంది. ముందే ఒక చెక్క పుల్ల వేసి కాచు, అవసరానికి మించి కాచకు, బయటికి తీసేముందు కాసేపు ఆగు. ఎగ్ బిర్యానీలోని ఉడికిన గుడ్డూ అంతే. పచ్చసొనలోని నీరు దారి లేక బిగిసి ఉంటుంది. లోపల పేలకపోయినా కొరకగానే నోట్లో పేలొచ్చు. గుడ్డును రెండుగా కోసిన తర్వాతే పెట్టు.

పార్సిళ్ల సంగతి త్వరగా చెప్పేస్తాను. సిల్వర్ ఫాయిల్ డబ్బా, స్టీలు గ్లాసు, బంగారు గీత ఉన్న కప్పు, కవరు మీది స్టాప్లర్ పిన్ను, ఇవేవీ లోపలికి పోకూడదు. లోహం కొసల దగ్గర నిప్పురవ్వలు లేస్తాయి. కూర పోసిన పలచటి ప్లాస్టిక్ కవరు అసలే వద్దు. కూరలో నూనె నీటికంటే ఎక్కువ వేడికి ఎక్కి ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది. ఓవెన్‌కు పనికొస్తుందని రాసి ఉన్న డబ్బాయో, గాజు గిన్నెయో, పింగాణీ పళ్లెమో వాడు.

శుభ్రం గురించి మాత్రం తీరిగ్గా చెబుతా. లోపలి గోడకు గానీ పైకప్పుకు గానీ అట్టముక్కలా ఒక పలక కనిపిస్తుంది. చాలా ఓవెన్లలో అది అభ్రకంతో చేసింది. అభ్రకం మనకేం కొత్త కాదు, గూడూరు పక్క గనుల్లో తవ్వితీసేదే. మాగ్నెట్రాన్ నుంచి అల వచ్చే దారికి అది తలుపు. దాని మీద నెయ్యీ నూనే చిమ్మి అంటుకుంటే, అవే అలను మింగి మాడి బొగ్గవుతాయి. బొగ్గు ఇంకా వేగంగా వేడెక్కుతుంది, చివరికి టపటపమని నిప్పులు రాలతాయి. మాడిన పలక మార్చకుండా నడిపితే మాగ్నెట్రాన్ పోతుంది. రోజూ దుకాణం కట్టేముందు గిన్నెలో నీళ్లు, నిమ్మచెక్కలు వేసి ఓ రెండు మూడు నిమిషాలు కాచు. ఆవిరికి మరకలు మెత్తబడతాయి. ప్లగ్గు తీసి, తడిగుడ్డతో తుడువు. తీగపీచు, కత్తి, ఇసుక లాంటి పొడులు వద్దు. గోడ పూత గీరుకుపోతే మన ఉప్పుగాలికి అక్కడ తుప్పు పడుతుంది, తుప్పు దగ్గరా నిప్పురవ్వలు లేస్తాయి. తలుపు అంచులు, అది ఆనుకునే చట్రం కూడా మరిచిపోకు. అక్కడ ఒక మైదా పొర ఎండిపోయినా తలుపు సరిగా కూర్చోదు. కిందో వెనకో ఉండే గాలి జల్లెడను వారానికోసారి తీసి కడిగి, ఆరబెట్టి పెట్టు. ఓవెన్ చుట్టూ కాస్త జాగా వదులు, పొయ్యి పక్కన పెట్టకు. గాలి అందని మాగ్నెట్రాన్ ఎక్కువ కాలం బతకదు.

తలుపు అద్దంలో చిల్లుల రేకు ఉంటుంది చూశావా? పులికాట్‌లో వలకన్ను కంటే పెద్ద చేప బయటికి రాలేదు గదా, అలాగే 12 సెంటీమీటర్ల అల ఒకటి రెండు మిల్లీమీటర్ల చిల్లులోంచి రాలేదు. వెలుతురు అల మరీ చిన్నది కాబట్టి వచ్చేస్తుంది, లోపల ఏముందో నీకు కనిపిస్తుంది. తలుపు తియ్యగానే అలను ఆపడానికి కొక్కేల వెనక మీటలుంటాయి. తలుపు వదులైతే, కొక్కెం విరిగితే, రేకు చిరిగితే ఆ రోజుకు ఓవెన్ కట్టేయి. రద్దీ ఉందని మీట దగ్గర అగ్గిపుల్ల దూర్చి నడిపించే పని ఎవరు చెప్పినా చెయ్యొద్దు. తలుపుకు 5 సెంటీమీటర్ల దూరంలో చదరపు సెంటీమీటరుకు 5 మిల్లీవాట్లకు మించి అల కారకూడదని అమెరికాలో 1971 నుంచీ నియమం ఉంది, అంతర్జాతీయ ప్రమాణమూ అదే. కారుతోందేమోనన్న అనుమానం వస్తే మీటరు ఉన్న మెకానిక్ కొలవాలి. సెల్‌ఫోన్ లోపల పెట్టి మోగుతుందో లేదో చూడటం పరీక్ష కాదు. ఫోను చాలా చిన్న సంకేతానికే మోగుతుంది. అలకు భయపడి పస్తులుండనక్కర్లేదు కూడా. ఇది ఎక్స్‌రే లాంటిది కాదు, ఆపగానే దీపం వెలుతురులా పోతుంది, తిండిలో ఏమీ మిగలదు.

అలకంటే నాకు భయం వేసేది లోపలి కరెంటు. మాగ్నెట్రాన్‌కు దాదాపు 4,000 వోల్టులు కావాలి. ప్లగ్గు పీకేసినా కెపాసిటర్‌లో ఆ కరెంటు నిలవ ఉండొచ్చు, అది ప్రాణం తీస్తుంది. వెనక మూత స్క్రూ ఒక్కటి కూడా నువ్వు తిప్పొద్దు. 1,000 వాట్ల వేడి ఇచ్చే ఓవెన్ గోడ నుంచి 1,500 వాట్లకు పైగానే లాగుతుంది. ఎక్స్‌టెన్షన్ బాక్సులో ఫ్రిజ్‌తో కలిపి పెట్టకుండా, దానికంటూ ఎర్త్ ఉన్న పెద్ద ప్లగ్గు ఉండాలి. గాలివానకు కరెంటు పోయి వచ్చే రోజుల్లో ప్లగ్గు తీసేసి ఉంచడం మేలు. లోపల ఏదైనా అంటుకుంటే తలుపు తియ్యకు. గోడ స్విచ్చి ఆపు. గాలి అందక మంట దానంతటదే ఆరుతుంది.

ఓవెన్ బలం తగ్గిందో లేదో నువ్వే కొలవొచ్చు, అది కూడా నేర్పుతాను. పింగాణీ గిన్నెలో లీటరు చల్లటి నీళ్లు పోసి వేడి ఎంతో రాసుకో. ఫుల్ పవర్‌లో సరిగ్గా 60 సెకన్లు తిప్పు. కలిపి మళ్లీ చూడు. ఎన్ని డిగ్రీలు పెరిగిందో దాన్ని 70తో గుణిస్తే, లోపలికి చేరుతున్న వాట్లు దాదాపు అంతే. 14 డిగ్రీలు పెరిగితే 980. 1,000 వాట్ల ఓవెన్‌కు అది సరైన లెక్క. నెలకోసారి ఈ అంకెను గోడ మీది క్యాలెండర్లో రాస్తూ పో. తొమ్మిది, పది డిగ్రీలకు దిగిపోయిందంటే మాగ్నెట్రాన్ ముసలిదైందో, కరెంటు తక్కువగా వస్తోందో. పఫ్ వేడెక్కలేదని టైము పెంచుకుంటూ పోకుండా మెకానిక్‌ను పిలిపించమని మీ యజమానికి చెప్పు.