మాట నడక నుంచి పాట బాణీకి

పాటకు బాణీ కట్టడం నేర్చుకోవాలనుకునేవారు చాలామంది హార్మోనియం ముందు కూర్చుని, వేళ్లకు తోచిన మెట్లు నొక్కుతూ మొదలుపెడతారు. తెలుగువారికి అంతకంటే దగ్గరి దారి ఉంది, అది మాట నడక. పద్యం చదివినవారికి గురులఘువులు తెలుసు. హ్రస్వాక్షరం లఘువు, దానికి ఒక మాత్ర. దీర్ఘం, సున్నా ఉన్న అక్షరం, ద్విత్వానికో సంయుక్తానికో ముందున్న అక్షరం గురువు, దానికి రెండు మాత్రలు. ఈ లెక్క తెలిస్తే తాళం సగం వచ్చినట్టే.

పెన్న సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో, నెల్లూరు జిల్లా విడవలూరు ప్రాంతంలో ఒకవైపు వరిపొలాలు, మరోవైపు సముద్రం. అక్కడి దృశ్యంతోనే ఒక వాక్యం అల్లుకోవచ్చు: పెన్న దాటి వచ్చె నావ. ప్రతి మాటలోనూ ముందొక గురువు, వెనకొక లఘువు. అంటే మూడేసి మాత్రల చొప్పున నాలుగు గుంపులు. చేత్తో నాలుగు దెబ్బలు వేస్తూ పలికితే తిశ్ర నడక దానంతటదే వస్తుంది. ఇప్పుడు మరో వాక్యం: చల్లని గాలికి ఊగెను చేలు. ఇందులో నాలుగేసి మాత్రల గుంపులు మూడు, చివరి మాటకు మూడే మాత్రలు. ఆ ఆఖరి అక్షరాన్ని కాస్త సాగదీస్తే మొత్తం పదహారు. ఒక్కో తాళాక్షరానికి రెండు మాత్రల చొప్పున ఎనిమిది అక్షరాల ఆదితాళంలో ఒక ఆవర్తనం సరిగ్గా నిండుతుంది. నాట్ల పాటలు కట్టినవారు ఈ లెక్కలేవీ పుస్తకంలో నేర్చుకోలేదు. నారు నాటే చెయ్యి వేగమే వారికి తాళం. ఒకరు అందుకోవడం, మిగిలినవారు తిరిగి అనడం, అదే పల్లవి.

నడక కుదిరాక స్వరం. కర్ణాటక సంగీతంలో తొలి పాఠాలు మాయామాళవగౌళలో చెప్పే సంప్రదాయం పురందరదాసుతో మొదలైందంటారు. ఆ రాగంలో స నుంచి మ వరకు స్వరాల మధ్య ఉన్న ఎడాలే ప నుంచి పై స వరకూ మళ్లీ వస్తాయి కాబట్టి చెవికి, గొంతుకు అది మంచి సాధన. బాణీ కట్టడానికి మాత్రం తొలి రాగంగా మోహనే మేలు. స రి గ ప ద, అయిదే స్వరాలు. పక్కపక్క స్వరాల మధ్య అరమెట్టు ఎడం ఎక్కడా లేదు, అందుకే కొత్తవారు ఎటు నడిచినా కటువుగా వినిపించదు. స్వరాలు తక్కువైతే పాట పేదదవుతుందన్న భయం అక్కర్లేదు. మంగళంపల్లి బాలమురళీకృష్ణ (1930–2016) స గ ప ని అనే నాలుగు స్వరాలతోనే మహతి రాగాన్ని రూపొందించారు.

చేల వాక్యాన్ని మోహనలో ఇలా పాడవచ్చు: గా ప గ, రీ గ ప, దా ప గ, రీ సా. గురువున్నచోట దీర్ఘస్వరం, లఘువున్నచోట హ్రస్వం. చివర ‘స’ మీద ఆగడంతో మాట ముగిసినట్టుంటుంది. అదే వాక్యం చివర రీ సా తీసేసి గా పా అని పాడితే ఇంకా ఏదో చెప్పాల్సి ఉన్నట్టుంటుంది. మొదట ఇలా తెరిచి, రెండోసారి అలా మూస్తే పల్లవి సిద్ధం. అనుపల్లవి సాధారణంగా పైస్థాయి వైపు వెళ్తుంది, చరణం నెమ్మదిగా మాట విప్పుతుంది. ఒకే పంక్తిని కొద్దికొద్దిగా మార్చి మళ్లీ పాడడం సంగతి. త్యాగరాజ కృతుల్లో ఈ పద్ధతి ఎంత ఎత్తుకు వెళ్లిందో వింటే తెలుస్తుంది. నేర్చుకునేవారు ఒక్కో సంగతిలో ఒక్క మార్పే చెయ్యడం మంచిది.

ఈ విద్యకు తెలుగునాట అతిపెద్ద పాఠశాల అన్నమయ్య (1408–1503) సంకీర్తనలే. తిరుమలలో దొరికిన రాగిరేకుల మీద సాహిత్యం ఉంది, రాగం పేరు ఉంది, స్వరాలు లేవు. అయిదు వందల ఏళ్ల నాటి మాటలు చేతికొచ్చాయి గాని బాణీలు చేజారాయి. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ (1893–1979) వాటిలో కొన్నింటిని మళ్లీ స్వరపరిచారు. తర్వాత బాలమురళీకృష్ణ, నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ వంటివారు ఆ పని కొనసాగించారు. వారి చేతిలో ఉన్నది మాట, దాని భావం, మాత్రల లెక్క. అందుకే ఒకే కీర్తనకు వేర్వేరు బాణీలు వినిపిస్తాయి. రెండు బాణీలను పక్కపక్కన పెట్టి, ఏ మాట దగ్గర స్వరం పైకి వెళ్లింది, ఎక్కడ ఆగింది, ఎందుకు ఆగింది అని రాసుకుంటూ వినడాన్ని మించిన అభ్యాసం కొత్తవారికి లేదు.

గురువు దొరకనివారికీ దారి మూసుకుపోలేదు. నెల్లూరుతో ముడిపడిన ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం హరికథకుడైన తండ్రి సాంబమూర్తిని చూసి, విని హార్మోనియం, వేణువులపై పట్టు తెచ్చుకున్నారు. 1966లో గాయకుడిగా సినిమాల్లోకి వచ్చి, 1977లో ‘కన్యాకుమారి’తో సంగీత దర్శకుడయ్యారు. వినికిడి ఎంత దూరం తీసుకెళ్తుందో ఆయన జీవితమే చెబుతుంది. ఇప్పుడు ఫోన్‌లోనే తంబూరా యాప్ ఉంటుంది. ముందు గొంతుకు సరిపడే శ్రుతి తేల్చుకోవాలి. హార్మోనియం మెట్ల లెక్కలో మగవారికి చాలావరకు ఒకటి నుంచి రెండున్నర వరకు, ఆడవారికి నాలుగు నుంచి అయిదున్నర వరకు హాయిగా ఉంటుంది. తోచిన బాణీని వెంటనే ఫోన్‌లో రికార్డు చేసుకుని మర్నాడు వినాలి. కట్టినప్పుడు బాగున్నదల్లా మర్నాడు నిలవదు, నిలిచిందే ఉంచుకోవాలి.

రికార్డింగుతోపాటు కాగితం మీదా రాయాలి. సాహిత్యం కింది వరుసలో, స్వరం పై వరుసలో. అక్షరం మీద చుక్క పెడితే తారస్థాయి, కింద పెడితే మంద్రం. ఒక మాత్ర సాగితే కామా, రెండు సాగితే సెమీకోలన్. తాళంలోని భాగాలైన లఘువు, ద్రుతం ముగిసినచోట నిలువు గీత, ఆవర్తనం చివర జంట గీతలు. పైన రాగం, తాళం, శ్రుతి పేర్కొంటే ఆ కాగితం చూసి ఇంకొకరు పాడగలుగుతారు.