నాన్నకు లేని లోపం

పిల్లలు కలగలేదంటే ఇప్పటికీ ముందుగా ఆస్పత్రి మెట్లెక్కేది భార్యే. ఆవిడకి స్కానింగులూ హార్మోన్ పరీక్షలూ అన్నీ అయ్యాక ఎప్పటికో భర్త వీర్యపరీక్షకు ఒప్పుకుంటాడు. రిపోర్టులో ‘అజూస్పెర్మియా’ అని వచ్చిందంటే వీర్యంలో శుక్రకణం ఒక్కటీ కనబడలేదని. ఇక లేహ్యాలు, చూర్ణాలు, బలం మాత్రలు మొదలు. ఒంట్లో బలానికీ దీనికీ చాలాసార్లు సంబంధమే ఉండదు. మనిషి దిట్టంగా ఉంటాడు, దాంపత్యంలో ఏ ఇబ్బందీ ఉండదు. ఇలాంటివాళ్లలో కొందరికి లోపం జన్యువుల్లో ఉంటుంది.

శుక్రకణం తయారవడానికి 70 రోజులు అటూ ఇటూగా పడుతుంది. 46 క్రోమోజోములు 23 కావాలి, గుండ్రటి కణానికి తోక మొలవాలి, డీఎన్‌ఏ చిన్న తలలో ఇమిడిపోవాలి. ఇందులో వందల జన్యువులకు పని ఉంది. డీపీవై19ఎల్2 అనే జన్యువు లేకపోతే అండంలోకి చొరబడేందుకు తలమీద ఉండాల్సిన టోపీ ఏర్పడదు. సీఎఫ్‌టీఆర్ దెబ్బతింటే చిత్రం, శుక్రకణాలు తయారవుతూనే ఉంటాయి, వాటిని బయటికి చేర్చే నాళం మాత్రం పుట్టుకతోనే ఉండదు. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు 2022లో మన దేశపు పురుషుల్లో సంతానలేమితో ముడిపడిన మరికొన్ని జన్యువులను బయటపెట్టారు. వాటిలో సీఈటీఎన్1 కణ విభజనకు సంబంధించినది.

అన్నిటికన్నా ఆసక్తికరమైన కథ వై క్రోమోజోముది. 1976లో ఇటలీకి చెందిన టీపోలో, జుఫార్డి అనే పరిశోధకులు శుక్రకణాలు లేని ఆరుగురిలో వై పొడుగు చెయ్యి చివరి భాగం ఊడిపోయి ఉండటం చూశారు. తర్వాత ఆ ప్రాంతాన్ని ఏజెడ్‌ఎఫ్ ఏ, బీ, సీ అని మూడుగా విడదీశారు.

ఎందుకు ఊడుతుంది? మిగతా క్రోమోజోములకు జంట ఉంటుంది, ఒకదాన్ని చూసి మరొకటి తప్పు దిద్దుకోవచ్చు. వైకి చాలా భాగం మేరకు ఆ వీలు లేదు. అందుకే ‘వికటకవి’లా ఎటునుంచి చదివినా ఒకేలా ఉండే పొడవాటి వరుసల్లో తన జన్యువులకు నకళ్లు దాచుకుంది. ఈ సంగతి 2003లో తేలింది. ఆ ఏర్పాటే దానికి ముప్పు కూడా. ఒకేలాంటి వరుసలు పొరపాటున ఒకదానితో ఒకటి అతుక్కుంటే మధ్యలోది ఎగిరిపోతుంది. తండ్రి శుక్రకణం తయారయ్యేటప్పుడే సాధారణంగా ఈ ప్రమాదం జరుగుతుంది. నాన్నకు లేని లోపం కొడుక్కి రావడం ఇలాగే.

మామూలు క్రోమోజోము పరీక్షలో ఈ ఖాళీ చాలావరకు కంటికి ఆనదు, దీనికి వేరే డీఎన్‌ఏ పరీక్ష ఉంది. వృషణంలో శుక్రకణాల కోసం వెతికే ఆపరేషన్‌కు ముందే అది చేయించడం మంచిది. ఏ గానీ బీ గానీ పూర్తిగా పోయుంటే వృషణాన్ని కోసి వెతికినా శుక్రకణం దొరికే ఆశ దాదాపు లేనట్టే. అనవసరపు కోత, ఖర్చు తప్పుతాయి. సీ ఒక్కటే పోతే చాలామందిలో కొన్నైనా దొరుకుతాయి, ఇక్సీ పద్ధతిలో ఒక్కదాన్ని సూదితో అండంలోకి ఎక్కించవచ్చు. కాకపోతే కొడుకు పుడితే ఆ ఊడిన వైయే అతనికీ చేరుతుంది. కూతురికి ఈ బెడద లేదు. ఈ మాట చికిత్సకు ముందే దంపతులిద్దరినీ కూర్చోబెట్టి చెప్పాలి. కొడుకు పెద్దయ్యాక అతనికీ చెప్పాలి. సీ పోయినవాళ్లలో కొందరికి వయసుతోపాటు శుక్రకణాలు తగ్గిపోతాయి గనుక, ఉన్నప్పుడే గడ్డకట్టించి దాచుకునే వీలుంటుంది.