బిడ్డ చెప్పిన మాట తెలుగులోనే రాయించండి: పోక్సో చట్టంలో మనవాళ్ళకు తెలియని హక్కు

ఏడేళ్ళ పాప అమ్మమ్మ దగ్గరికి వచ్చి, "బాబాయి నన్ను ముట్టుకోకూడని చోట ముట్టుకున్నాడు" అని చెప్పిందనుకుందాం. మన ఇళ్ళల్లో బాబాయి అంటే నాన్న తమ్ముడే కానక్కర్లేదు. పక్కింటాయన బాబాయే, నాన్న స్నేహితుడూ బాబాయే. వరస కలిపి పిలవడం మనకు చిన్నప్పటి నుంచి అలవాటు. ఇదే మాటను పోలీస్ స్టేషన్‌లో తమిళంలో రాస్తే 'చిత్తప్పా' అవుతుంది, కన్నడంలో రాస్తే 'చిక్కప్ప' అవుతుంది. ఫిర్యాదులో సొంత చిన్నాన్న నిందితుడిగా నిలబడతాడు, పక్కింటాయన తప్పించుకుంటాడు. కోర్టులో పాప అసలు సంగతి చెబితే, "అప్పుడు ఒకటి చెప్పి ఇప్పుడు ఇంకొకటి చెబుతోంది" అని అవతలి వకీలు ఆ బిడ్డనే అబద్ధాలకోరును చేస్తాడు.

హోసూరులో, బళ్ళారిలో, రాయగడలో, షోలాపూర్‌లో తరతరాలుగా ఉంటున్న మనకు ఇది ఊహాగానం కాదు. మన పిల్లలు బడిలో రాష్ట్ర భాష బాగానే మాట్లాడతారు. కానీ ఒంటికి సంబంధించిన మాటలు, భయం, సిగ్గు, ఇవన్నీ ఇంటి భాషలోనే వస్తాయి. వాళ్ళు ముందు చెప్పుకునేది అమ్మమ్మకో నాయనమ్మకో అయితే, ఆ పెద్దావిడకు స్టేషన్ భాష సరిగా రాకపోవచ్చు. అందుకే ఈ చట్టంలో భాష గురించి ఏముందో ప్రతి ఇంటికీ తెలిసి ఉండాలి.

చట్టం ఏమంటోంది?

లైంగిక నేరాల నుంచి బాలల రక్షణ చట్టాన్నే పోక్సో అంటున్నాం. 2012 నవంబరు 14 నుంచి అమల్లో ఉంది. 18 ఏళ్ళు నిండని ఆడపిల్లలకు, మగపిల్లలకు కూడా వర్తిస్తుంది. ఇది కేంద్ర చట్టం కాబట్టి మనం ఏ రాష్ట్రంలో ఉన్నా, యానాంలో ఉన్నా హక్కులు ఒక్కటే.

19వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదుకు నంబరు ఇచ్చి, రాసి, ఫిర్యాదు చేసినవారికి చదివి వినిపించాలి. బిడ్డే ఫిర్యాదు చేస్తే తనకు అర్థమయ్యే తేలిక మాటల్లో రాయాలి. రాస్తున్న భాష బిడ్డకు అర్థం కాకపోతే అనువాదకుణ్ణి ఏర్పాటు చేయాలి. ఆ ఖర్చు కుటుంబం మీద వేయకూడదు.

24వ సెక్షన్ ప్రకారం బిడ్డ వాంగ్మూలాన్ని ఇంట్లోగాని, బిడ్డ కోరుకున్న చోటగాని తీసుకోవాలి. వీలైనంతవరకు ఎస్సై స్థాయికి తగ్గని మహిళా అధికారి తీసుకోవాలి. ఆ సమయంలో యూనిఫాం వేసుకోకూడదు. రాత్రిపూట బిడ్డను స్టేషన్‌లో ఉంచకూడదు. నిందితుడు బిడ్డ కంట పడకూడదు.

25, 26 సెక్షన్లు మనకు అన్నిటికన్నా ముఖ్యం. మేజిస్ట్రేటు రాసినా, పోలీసులు రాసినా, బిడ్డ చెప్పిన మాటను చెప్పినట్టే రాయాలి. అమ్మానాన్నలుగాని, బిడ్డ నమ్మిన మరొకరుగాని పక్కన ఉండాలి. వీలున్నచోట వీడియో రికార్డింగు కూడా చేయాలి. వీడియోలో బిడ్డ తెలుగు మాట ఉంటే తర్వాత అనువాదం మీద అనుమానం వచ్చినా సరిచూసుకోవచ్చు. కోర్టులో సాక్ష్యం చెప్పేటప్పుడు కూడా అనువాదకుడి సాయం తీసుకునే వీలు 38వ సెక్షన్‌లో ఉంది.

కాబట్టి స్టేషన్‌కు వెళ్ళినవారు మర్యాదగానే, కానీ గట్టిగా అడగాల్సినవి మూడు. "మా బిడ్డ తెలుగులో చెబుతుంది, తెలుగు వచ్చినవారిని పిలిపించండి." "రాసింది మాకు తెలుగులో చదివి వినిపించండి." "ఎఫ్‌ఐఆర్ కాపీ ఇవ్వండి." కాపీకి పైసా కట్టనక్కర్లేదు. వరస పేరు వచ్చిన చోట ఆ మనిషి ఎవరో, ఎక్కడ ఉంటాడో పక్కనే రాయించండి. అర్థం కాని కాగితం మీద సంతకం పెట్టకండి.

ఇంట్లో చేయాల్సింది

బిడ్డ చెప్పగానే నమ్మండి. "నువ్వెందుకు వెళ్ళావు, అప్పుడే ఎందుకు చెప్పలేదు" అనే మాట నోట రానివ్వకండి. ఇంట్లో ఒక్కొక్కరూ మళ్ళీ మళ్ళీ అడిగించకండి. అలా అడిగేకొద్దీ బిడ్డ భయపడి మాట మారుస్తుంది. మొదటిసారి ఏ మాటలతో చెప్పిందో ఆ మాటలనే తేదీ వేసి ఒక కాగితం మీద తెలుగులో రాసి పెట్టుకోండి. ఆనాటి బట్టలు ఉతక్కుండా కాగితం సంచిలో ఉంచండి. ఆలస్యం లేకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ప్రైవేటు ఆసుపత్రి అయినా ప్రథమ చికిత్స ఉచితంగా చేయాలి, ముందు పోలీసు కాగితం తెమ్మనకూడదు. ఆడపిల్లను పరీక్షించాల్సింది మహిళా డాక్టరే.

ఎవరికి చెప్పాలో తెలియకపోతే 1098కి ఫోన్ చేయండి. పగలూ రాత్రీ పనిచేస్తుంది, డబ్బు ఖర్చు లేదు. కేసు నమోదైన 24 గంటల్లో పోలీసులు జిల్లా బాలల సంక్షేమ సమితికి తెలియజేయాలి. కేసు నడిచినంత కాలం కుటుంబానికి తోడుండే సహాయక వ్యక్తిని ఆ సమితి ఇవ్వగలదు. ఆ మనిషి తెలుగు వచ్చినవారై ఉండాలని మనం అడగవచ్చు.

"మనలో మనం చూసుకుందాం" అంటే?

ఇక్కడ మన గురించి మనం ఒక మాట చెప్పుకోవాలి. పరాయి రాష్ట్రంలో ఉన్నాం, పరువు పోతుంది, సంఘం పెద్దలతో మాట్లాడి సర్దుకుందాం అనే అలవాటు మనలో ఉంది. భూమి తగాదా అలా సర్దుకోవచ్చు. ఇది అలాంటిది కాదు. ఈ నేరానికి చట్టంలో రాజీ లేదు. తెలిసి కూడా చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలుశిక్షగాని, జరిమానాగాని పడవచ్చు. బడి, హాస్టలు వంటి సంస్థ నడిపేవారికైతే ఏడాది దాకా. మంచి మనసుతో సమాచారం ఇచ్చినవారి మీద మాత్రం ఏ కేసూ ఉండదు.

2007లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రాల్లో చేయించిన అధ్యయనంలో 53 శాతం పిల్లలు తమకు ఏదో ఒక రకమైన లైంగిక వేధింపు ఎదురైందని చెప్పారు. వాళ్ళలో ఎక్కువమంది ఎవరికీ చెప్పుకోలేదు. జాతీయ నేర గణాంకాల్లో చూసినా, నమోదైన అత్యాచార కేసుల్లో నిందితుడు బిడ్డకు తెలిసినవాడే కావడం నూటికి తొంభైకి పైగా ఉంటోంది. అంటే "మనవాడే కదా" అనే ధీమాయే ప్రమాదం.

ఇంకొకటి. సానుభూతితోనైనా సరే బిడ్డ పేరు, ఫోటో, బడి పేరు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి. అది కూడా నేరమే.

మన సంఘాలు చేయగలిగినది

2020 పోక్సో నియమాల ప్రకారం ప్రతి జిల్లా బాలల పరిరక్షణ విభాగం అనువాదకుల జాబితా ఉంచాలి. ఆ జాబితాలో చేరడానికి పెద్ద డిగ్రీలు అక్కర్లేదు. బిడ్డ భాష, రాష్ట్ర అధికార భాష రెండూ పనికొచ్చేంతగా తెలియాలి. ఆ భాష తల్లిభాషగా వచ్చినా, కనీసం ప్రాథమిక స్థాయిదాకా ఆ మాధ్యమంలో చదివినా, ఆ ప్రాంతంలో ఉండడం వల్ల నేర్చుకున్నా సరిపోతుంది. చేసిన పనికి రుసుము కూడా ఇస్తారు.

రెండు భాషలూ సమానంగా వచ్చిన టీచర్లు, నర్సులు, రిటైరైన ఉద్యోగులు మనలో ఎంతమంది లేరు! ప్రతి జిల్లాలో తెలుగు సంఘం నుంచి ఇద్దరు ముగ్గురు, వారిలో ఒక మహిళ, ఆ జాబితాలో పేరు నమోదు చేయించుకోవాలి. రెండు కుటుంబాలకూ బంధువైనవారు మాత్రం ఆ పనికి ఒప్పుకోకూడదు. అనువాదకుడు ఏ పక్షమూ కాకూడదు, ఒక్క మాట కలపకూడదు, ఒక్క మాట తీసేయకూడదు, విన్నది బయట చెప్పకూడదు.

ఉగాదికి పంచాంగ శ్రవణం పెడతాం, సంక్రాంతికి ముగ్గుల పోటీలు పెడతాం. తెలుగు నిలబడాలని ఇన్ని చేస్తున్నాం. ఈసారి సంఘం సమావేశంలో ఈ జాబితా సంగతి కూడా అజెండాలో పెట్టండి. మన భాష బిడ్డకు అన్నిటికన్నా అవసరమయ్యేది ఆ స్టేషన్ గదిలోనే. అక్కడ తన మాట అర్థమయ్యే మనిషి ఒకరు ఉండేలా చూడడం మన బాధ్యత.