కూలిన గాలిమోటరు ముక్కలు ఏం జెప్తయి?

2025 జూన్ 12న అహ్మదాబాద్‌ల ఎయిరిండియా గాలిమోటరు కూలింది. 260 మంది పాణాలు వోయినయి. పొగ ఆరకముందే మన వాట్సాప్ గ్రూపులల్ల తీర్పులొచ్చినయి. ఒకడు బాంబన్నడు. ఇంకొకడు, పైలట్లు రెక్కల ఫ్లాప్స్ దించుడు మర్సిన్రన్నడు. సచ్చినోళ్లు లేసొచ్చి జవాబు జెప్పరు గదా తమ్ముల్లారా. కిందవడ్డ ముక్కలు జెప్తయి.

దర్యాప్తుకు పోయినోళ్లు ముందుగాల నాలుగు కొసలు ఎతుకుతరు: ముక్కు, తోక, రెండు రెక్కల అంచులు. నాలుగూ ఒక్కకాడ్నే దొరికితె, భూమికి తాకేదాక గాలిమోటరు ఇరగకుంట ఒక్కటిగనే ఉన్నట్టు. అండ్ల ఒకటి ఊరవతల దొరికిందంటె మీదనే ఇరిగినట్టు.

1988 డిసెంబర్ 21న స్కాట్లాండ్‌ల లాకర్బీ అనే ఊరి మీద గట్లనే అయింది. సూట్‌కేసుల దాచిన బాంబు పేలి పాన్ యామ్ జంబోజెట్ మీదనే ముక్కలైంది. నూనె నిండిన రెక్కలు ఇండ్ల మీద వడి, కింద ఉన్నోళ్లే 11 మంది సచ్చిపోయిన్రు. ముక్కు భాగం దాదాపు 4 కిలోమీటర్ల అవతల పొలంల వడ్డది. తేలికవి గాలికి కొట్టుకపోయి, 130 కిలోమీటర్లు దాటి ఇంగ్లండ్ తూర్పు ఒడ్డుదాక చేరినయి. కల్లంల వడ్లు తూర్పార వట్టింది యాదికి తెచ్చుకోండ్రి. గట్టి గింజ కాళ్లకాడ, తాలు దూరం. గదే లెక్క. ఆ పొద్దు గాలి ఎటు ఎంత ఉండెనో తెలిస్తె, ముక్క వడ్డ జాగను వట్టి ఏది ముందు ఊడిందో ఎనుకకు లెక్కగడ్తరు.

నిట్టనిలువుగ, జోరుగ వడితె గుంత వడ్తది. 2019ల ఇథియోపియాల కూలింది గదా, అది దాదాపు 10 మీటర్ల లోతుకు దిగవడ్డది.

అహ్మదాబాద్‌ల ముందు చెట్లకు, ఎనుక బిల్డింగులకు తాకింది. ముక్కలన్నీ దాదాపు 1000 అడుగుల పొడుగు, 400 అడుగుల ఎడల్పులనే దొరికినయి. అంటే మీద ఇరగలే. ఫ్లాప్ హ్యాండిల్ 5 డిగ్రీల కాడ ఉన్నది, లేసేటప్పుడు ఉండాల్సిన జాగనే. మర్సిన్రన్న మాట గక్కడ్నే అబద్ధమైంది.

గానీ ముక్కలు ఆఖరి ఘడియనే జెప్తయి. ఇంజన్లకు నూనె ఇచ్చే రెండు స్విచ్చులు శిథిలాలల్ల 'రన్' మీదనే దొరికినయి. అవే సూస్తె అంతా సక్కగున్నట్టే. బ్లాక్‌బాక్స్ ఇప్పి సూస్తె వేరే ముచ్చట: గాల్లకు లేసినంక సెకను తేడాల రెండూ 'కటాఫ్'కు వోయినయి, మళ్ల 'రన్'కు వచ్చినయి.

ఎవలు మార్చిన్రో ఆ మొదటి రిపోర్టు జెప్పలే. టీవీల కూసున్నోళ్లు మాత్రం ఆగలే, సచ్చిపోయిన పైలట్‌నే దోషిని జేసిన్రు. ఆయన ముసలి తండ్రి సుప్రీంకోర్టు మెట్లెక్కాల్సొచ్చింది.